1850ల కొయ్య యుద్ధనౌకల్లో స్క్రూని పైకి లాగే బావి: ఎలా పనిచేసేది? ఇంకో రెండు అనుమానాలు

పాతనక్షలు అడిగారు:

1850ల నాటి రెండు డెక్కుల బ్రిటిష్ స్క్రూ నౌకకి (స్క్రూ అంటే వెనక నీటిలో తిరిగి ఓడని నెట్టే రెక్కల చక్రం), అంటే అగమెమ్నన్ తరహా ఓడకి, మోడల్ కట్టడానికి నక్షలు చూస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, ఓడ వెనక కొసన చుక్కానికి ముందు కింద నుంచి పై డెక్కు దాకా నిలువుగా ఒక ఖాళీ ఉంది, అచ్చం బావిలా. స్క్రూని అందులోంచి పైకి లాగేవారని రాశారు. టన్నుల బరువున్న కంచు ముద్దని నడిసముద్రంలో షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే ఇరుసు) నుంచి ఊడదీసి పైకి ఎలా లాగారు? అసలు అంత అవసరం ఏమొచ్చింది?

రెండు, అదే ఓడకి ఒక పట్టికలో 600 హార్స్‌పవర్ అనీ, ఇంకో పట్టికలో 2,000 పైమాట అనీ ఉంది. ఏది నమ్మాలి?

మూడు, బాయిలర్లలోకి సముద్రపు నీళ్లే పంపేవారట. నిజమేనా? ఆ ఉప్పంతా ఎటు పోయేది?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. "ఆవిరి వచ్చింది, తెరచాప పోయింది" తరహా జవాబులు ఇప్పటికే చాలా చదివాను.

తెడ్డుచుక్కాని:

బావి సంగతి నేను చెబుతాను. ఆ ఓడల్లో తలనొప్పులన్నీ వచ్చి చేరింది ఆ వెనక కొసకే.

తెరచాప ఓడకి వెనకాల నిలువు దూలం ఒక్కటే. చుక్కాని దానికే వేలాడేది. స్క్రూ వచ్చాక దూలాలు రెండయ్యాయి. లోపలి దూలానికి బెజ్జం తొలిచి షాఫ్ట్ గొట్టం దింపారు, బయటి దూలానికి చుక్కాని తగిలించారు. రెంటి మధ్య మూడు నాలుగడుగుల ఖాళీలో స్క్రూ తిరిగేది. ఆ ఖాళీనే పైకి డెక్కు దాకా పొడిగిస్తే మీరు చూసిన బావి.

అవసరం ఏమొచ్చిందంటే, బొగ్గు కొద్ది రోజులకే సరిపోయేది. దూరాలు పోయేది గాలి మీదే. తెరచాపల మీద పోతుంటే ఆగి ఉన్న స్క్రూ నీళ్లలో అడ్డంగా నిలబడి వేగాన్ని తినేస్తుంది, చుక్కాని దగ్గరికి వచ్చే నీటిని చెదరగొడుతుంది. బ్రిటిష్ నౌకాదళం దృష్టిలో స్క్రూ ఓడ అంటే ఆవిరి సాయం ఉన్న తెరచాప ఓడే. కనుక తెరచాప నడక పాడవడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

స్క్రూకి రెండే రెక్కలు. అది ఒక కంచు చట్రంలో రెండు బేరింగుల మధ్య కూర్చునేది. చట్రం ఆకారాన్ని బట్టి నావికులు దాన్ని బాంజో అనేవాళ్లు. చట్రం అంచులు రెండు దూలాలకీ బిగించిన కంచు గాడుల్లో జారతాయి. షాఫ్ట్ చివర ఒక గాడి, స్క్రూ బొడ్డుకి ఆ గాడిలో పట్టే నాలుక. ఇందులో బోల్టు ఒక్కటీ లేదు. గాడి నిలువుగా నిలబడితే నాలుక పైకి జారి ఊడొస్తుంది, ఏ కాస్త వాలినా రాదు. కిటుకంతా ఇంతే.

పైకి లాగే వరస ఇలా ఉంటుంది. ముందు తెరచాపలు విప్పి ఓడకి నడక రానిస్తారు. ఆవిరి కట్టేస్తారు. ఇంజిన్ ఆగాక షాఫ్ట్‌ని చేత్తో తిప్పే పళ్లచక్రంతో కొద్దికొద్దిగా తిప్పుతూ లోపల షాఫ్ట్ మీద చెక్కిన గుర్తు నిట్టనిలువుకి వచ్చేదాకా తెస్తారు. అక్కడ బ్రేకు బిగించాలి. బిగించకపోతే నడుస్తున్న ఓడ కింద నీటి ఒరవడికి స్క్రూ మళ్లీ తిరిగిపోతుంది. తర్వాత బావి మూత తీసి, పైన దూలాలు నిలబెట్టి, కప్పీల తాళ్లు చట్రానికి తగిలించి, తాడు కొసలు పట్టుకుని జనం డెక్కు మీద వెనక్కి నడుస్తారు. బావి పక్కన రంపపు పళ్లలాంటి పట్టీ, దాంట్లో పడే కొక్కేలు ఉంటాయి. తాడు తెగినా స్క్రూ కిందికి పడిపోకుండా అవి పట్టుకుంటాయి. ఇంకోపక్క పొగగొట్టాన్ని గొలుసు చక్రంతో ఒక గొట్టంలోకి ఇంకోటి దిగేలా కిందికి దించేస్తారు, తెరచాపలకి అడ్డం రాకుండా.

దించేటప్పుడే అసలు చిరాకు. షాఫ్ట్ గాడి ఏ కాస్త పక్కకి తిరిగి ఉన్నా నాలుక గాడి అంచు మీద కూర్చుంటుంది, చట్రం అడుగుకి చేరదు. పై నుంచి చూస్తే దిగిపోయినట్టే కనిపిస్తుంది. అందుకని తాడు మీద ముందే గుర్తు కట్టుకుని, ఆ గుర్తు సరైన చోటికి వచ్చిందో లేదో చూసుకున్నాకే ఇంజిన్‌కి ఆవిరి ఇవ్వాలి.

రెండే రెక్కలు ఎందుకో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మూడో నాలుగో ఉంటే ఆ సన్నటి బావిలో పట్టవు. ఆ రెండు రెక్కలకి కట్టిన మూల్యం ఓడ వణుకు. ముందున్న దూలం మందంగా ఉంటుంది, దాని వెనక నీరు దాదాపు నిలబడి ఉంటుంది. రెక్కలు రెండూ ఒకేసారి ఆ నిలవనీటి నీడలోకి వెళ్లి, ఒకేసారి బయటికి వస్తాయి. తిరిగిన ప్రతి చుట్టుకీ రెండు కుదుపులు. చట్రం గాడుల్లో గడగడలాడుతుంది, గాడులు అరుగుతాయి, అరిగిన కొద్దీ మోత పెరుగుతుంది. చివరికి పలకల సందుల్లో దట్టించిన తారు నార బయటికి ఊడొచ్చి నీరు కారడం మొదలవుతుంది.

ఆవిరిగంట:

రెండో అనుమానం నాకు వదిలేయండి. మీ పట్టికలు రెండూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే కొలిచినవి వేరు.

600 అన్నది నామమాత్రపు హార్స్‌పవర్. అది కొలిచిన శక్తి కాదు, లెక్కకట్టిన అంకె. జేమ్స్ వాట్ కాలం అలవాటు ప్రకారం పిస్టన్ మీద సగటున చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి ఉందని అనుకుని కట్టేవారు. సూత్రం ఇది: సిలిండర్ వ్యాసం అంగుళాల్లో తీసుకుని దాని వర్గాన్ని, నిమిషానికి అడుగుల్లో పిస్టన్ వేగంతో గుణించి, 6,000తో భాగించాలి.

ఉదాహరణకి 70 అంగుళాల సిలిండర్లు రెండు, పిస్టన్ వేగం 400 అడుగులు అనుకోండి. 4,900ని 400తో గుణించి 6,000తో భాగిస్తే సుమారు 327. రెండింటికీ కలిపి 650 పైన. కానీ 1850లకి బాయిలర్ ఒత్తిడి 15, 20 పౌండ్లకి చేరింది, దానికి తోడు కండెన్సర్‌లోని (వాడేసిన ఆవిరిని చల్లార్చి నీరు చేసే పెట్టెలోని) శూన్యం కూడా పిస్టన్‌ని లాగుతుంది. అసలు సగటు ఒత్తిడి 20 పౌండ్లు అనుకుంటే అవే సిలిండర్లు దాదాపు 1,870 ఇస్తాయి. ఇండికేటర్ (సిలిండర్ లోపలి ఒత్తిడిని కాగితం మీద గీసే పరికరం) గీసిన పటం నుంచి కొలిచే అంకె అది. మీ పట్టికల్లో 600కీ 2,000కీ మధ్య తేడా ఇదే. నామమాత్రపు అంకె ఎందుకు ఉంచారంటే, ఇంజిన్ కొనేటప్పుడు ధర దాని మీదే మాట్లాడుకునేవారు. సైజు తెలిపే అంకెగా చూస్తే పనికొస్తుంది, శక్తిగా చూస్తే మోసం.

బొగ్గు లెక్క కూడా చూడండి, తెడ్డుచుక్కాని గారు చెప్పిన బావి ఎందుకో ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ రోజుల్లో గంటకి ఒక్కో హార్స్‌పవర్‌కి 4 నుంచి 5 పౌండ్ల బొగ్గు పోయేది. 4.5 చొప్పున 1,870కి గంటకి 8,400 పౌండ్లు, అంటే మూడు ముప్పావు టన్నులు. రోజుకి 90 టన్నులు. ఓడలో 500 టన్నులు ఉన్నా పూర్తి వేగంతో ఆరు రోజులు నిండవు. ఆ తర్వాత గాలే దిక్కు.

ఇంజిన్ రూపం గురించి ఒక మాట. యుద్ధనౌకలో యంత్రం మొత్తం నీటిమట్టం కింద ఉండాలి, గుండు తగలకుండా. కనుక సిలిండర్లు అడ్డంగా పడుకోబెట్టాల్సిందే. ఓడ వెడల్పులో సగమే చోటు, అందులో సిలిండర్, పిస్టన్ రాడ్, కనెక్టింగ్ రాడ్ అన్నీ ఇరికించాలి. ఇంజిన్ల తయారీదారు జాన్ పెన్ దానికి చేసిన ఉపాయం ట్రంక్ ఇంజిన్. పిస్టన్ రాడ్‌ని తీసేసి పిస్టన్ మధ్య నుంచి లావు గొట్టం ఒకటి అటూ ఇటూ బయటికి వచ్చేలా పెట్టాడు. కనెక్టింగ్ రాడ్ ఆ గొట్టం లోపలే పిస్టన్‌కి తగులుతుంది. చోటు బాగా కలిసొచ్చింది. నష్టం ఏమిటంటే అంత లావు గొట్టం చుట్టూ ఆవిరి కారకుండా ప్యాకింగ్ (సందు మూసే దట్టింపు) బిగించాలి. ఎక్కువ బిగిస్తే రాపిడికి వేడెక్కి కాలుతుంది, వదులు చేస్తే ఆవిరి పోతుంది, శూన్యం తగ్గుతుంది. పైగా గొట్టం సగం సేపు గాలిలో చల్లారి, సగం సేపు ఆవిరిలోకి వెళ్లి దాని వేడి తాగేస్తుంది. సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి పిస్టన్ బరువుకి అడుగు భాగం కోడిగుడ్డులా అరుగుతుంది. ఇన్ని ఉన్నా ఆ కాలానికి అంతకంటే పొందికైన యంత్రం లేదనే నా అభిప్రాయం.

ఉప్పునీరు:

మూడోది నా పేరుకి తగ్గ ప్రశ్న. అవును, సముద్రపు నీళ్లే.

ఆ ఇంజిన్లలో కండెన్సర్ అంటే ఒక పెట్టె. వాడేసిన ఆవిరి మీద చల్లటి సముద్రపు నీళ్లు చిమ్ముతారు, రెండూ కలిసిపోతాయి, అందులోంచే కొంత మళ్లీ బాయిలర్‌కి. అంటే బాయిలర్‌కి వెళ్లేది దాదాపు ఉప్పునీరే. ఆవిరి పైకి పోతుంది, ఉప్పు కింద మిగులుతుంది. ఊరుకుంటే కొన్ని గంటల్లో బాయిలర్ ఉప్పుమడి అయిపోతుంది.

దానికి మందు, చిక్కబడిన నీటిని కింద నుంచి సముద్రంలోకి వదిలేస్తూ ఉండటం. ఎంత వదలాలన్నది తేలికైన లెక్క. మామూలు సముద్రపు నీటిలో బరువు మీద సుమారు 32లో ఒక వంతు ఉప్పు. సాలినోమీటర్ (నీటిలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం) మీద గీతలు కూడా అందుకే 32వ వంతుల్లో ఉండేవి. బాయిలర్ నీటిని 2 గీతల దగ్గర నిలపాలంటే పంపిన నీటిలో సగం బయటికి వదిలేయాలి. 3 గీతల దగ్గర అయితే మూడో వంతు వదిలితే చాలు. ఇంజినీరు సతమతమయ్యేది ఇక్కడే. పలచగా ఉంచితే వేడినీళ్లు ఎక్కువ పారబోయాలి, బొగ్గు దండగ. చిక్కగా ఉంచితే గొట్టాల మీద పొలుసు కడుతుంది.

ఎంత దండగో చూడండి. కండెన్సర్ నుంచి వచ్చే నీరు 38 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర బాయిలర్ నీరు 121 డిగ్రీలు. 2 గీతల దగ్గర నడిపితే మొత్తం వేడిలో సుమారు 12 శాతం సముద్రం పాలు. 3 గీతల దగ్గర అయితే 6 శాతం చిల్లర. ఆ తేడా కోసమే బొగ్గు కరువైన చోట కొందరు నీటిని చిక్కగా నడిపి బాయిలర్లు కాల్చుకున్నారు.

పొలుసులో అసలు శత్రువు వంట ఉప్పు కాదు, జిప్సం జాతి కాల్షియం సల్ఫేట్. వేడి పెరిగిన కొద్దీ అది నీటిలో కరగడం తగ్గి, అతి వేడిగా ఉన్న చోటే గట్టి పెంకులా అతుక్కుంటుంది. అంటే కొలిమి పైకప్పు మీదా గొట్టాల మీదా. ఒకసారి పెంకు కట్టిందంటే వేడి నీటికి చేరదు, ఇనుము ఎర్రబడి మెత్తబడి కిందికి ఉబ్బుతుంది. బాయిలర్ ఒత్తిడి ఇంకా పెంచకుండా పట్టి ఉంచిన కారణాల్లో ఇదొకటి. ఒత్తిడి పెరిగితే మరిగే వేడి పెరుగుతుంది, పెంకు ఇంకా త్వరగా కడుతుంది. రెండో కారణం, ఆ బాయిలర్లు చదునైన గోడల పెట్టెలు. ఓడ పక్కల్లో ఒదగడానికి అలా చేశారు. చదును గోడ ఒత్తిడికి ఆగాలంటే లోపల అడ్డకడ్డీలు కిక్కిరిసి ఉండాలి.

సాలినోమీటర్ లేకపోతే ఏం చేసేవారని అడుగుతారేమో. బాయిలర్ నీరు కొంచెం బయటికి పట్టి, తెరిచిన గిన్నెలో మరగబెట్టి, థర్మామీటర్ చూసేవారు. ఒక్కో గీత ఉప్పుకి మరిగే వేడి సుమారు 1.2 డిగ్రీల ఫారన్‌హీట్ పెరుగుతుంది. అదే కొలత.

ఇంకో గండం, నీరు పొంగి ఆవిరితోపాటు సిలిండర్‌లోకి కొట్టుకురావడం. నది ముఖం నుంచి సముద్రంలోకి వచ్చినప్పుడు, అంటే మంచినీటి మీద నడిచిన బాయిలర్‌లోకి ఒక్కసారి ఉప్పునీరు పడ్డప్పుడు, ఇది ఎక్కువ. గేజ్ గాజులో మట్టం పిచ్చిగా ఎగిరెగిరి పడుతుంది, సిలిండర్‌లో సుత్తితో కొట్టినట్టు చప్పుడు. నీరు అణగదు కాబట్టి పిస్టన్‌కీ మూతకీ మధ్య చిక్కితే మూత పగులుతుంది. అందుకే సిలిండర్ రెండు కొసలా స్ప్రింగు వాల్వులు పెట్టారు. చప్పుడు వినగానే ముందు ఆవిరి వాల్వు తగ్గించాలి, తర్వాత కొలిమి తలుపులు తెరిచి మంట తగ్గించాలి. బాయిలర్‌లోకి కరిగిన కొవ్వు ఎక్కించి నురగ అణచడం కూడా ఉండేది.

ఆవిరిని ఉప్పునీటితో కలపకుండా, మధ్యలో గొట్టాల గోడ అడ్డుపెట్టి చల్లార్చే సర్ఫేస్ కండెన్సర్ 1830ల్లోనే శామ్యూల్ హాల్ చేశాడు. నౌకాదళాల్లో అది నిలదొక్కుకున్నది 1860ల్లో. సిలిండర్‌కి పూసిన జంతుకొవ్వు గొట్టాలకి పట్టడం, బాయిలర్‌కి చేరి ఇనుమును తినడం, ఇవి తేలడానికి అంత కాలం పట్టింది.

గాలివాటం:

అంతా బాగుంది గానీ, ఇంత గొడవ పడటం దేనికి, పక్క చక్రాల పడవల్నే ఉంచుకోవచ్చుగా అనే ప్రశ్నకి రాట్లర్–అలెక్టో తాడులాగుడు పోటీయే జవాబు కదా? 3 ఏప్రిల్ 1845న స్క్రూ ఉన్న రాట్లర్, చక్రాలున్న అలెక్టోని వెనక్కి ఈడ్చుకుపోయింది. అక్కడితో తేలిపోయింది.

తెడ్డుచుక్కాని:

గాలివాటం గారూ, ఈడ్చుకుపోయిన మాట నిజమే, రెండున్నర నాట్ల పైన (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు). కానీ తేల్చింది అది కాదు. ఆ రోజు రాట్లర్ ఇంజిన్ అలెక్టో ఇంజిన్ కంటే చాలా ఎక్కువ శక్తి ఇచ్చింది, కనుక సమానుల పోటీ కానే కాదు. అప్పటికే నౌకాదళం స్క్రూ ఓడలకి ఆర్డర్లు ఇచ్చేసింది. జనానికి చూపించడానికి బాగుంది, అంతే.

చక్రాలు ఓడిపోయిన కారణాలు వేరే. యుద్ధనౌకకి పక్కలే ఫిరంగులు ఉండాల్సిన చోటు. రెండు పక్కలా మధ్యభాగం చక్రాలకి ఇచ్చేస్తే ఫిరంగులు ఎక్కడ పెడతారు? గుండు తగిలితే చక్రం పోతుంది. బొగ్గు కాలిన కొద్దీ ఓడ తేలి చక్రం నీటికి అందదు, నిండుగా ఉన్నప్పుడు మరీ మునుగుతుంది. ఓడ పక్కకి ఊగితే ఒక చక్రం గాల్లో, ఒకటి నీళ్లలో.

రాట్లర్ నుంచి నేర్చుకోదగ్గది తాడులాగుడు కాదు, దానికి ముందు జరిగిన స్క్రూ పరీక్షలు. మొదట పొడవాటి మర మాదిరి స్క్రూ పెట్టి, కోసి కోసి పొట్టి చేస్తూ పోయారు. చివరికి వచ్చింది 10 అడుగుల వ్యాసం, పొడవు మాత్రం 15 అంగుళాలున్న రెండు రెక్కల స్క్రూ. బావిలో పట్టేంత సన్నగా అయింది అలాగే.

దానికంటే ముఖ్యమైనది డ్వార్ఫ్ అనే చిన్న ఓడ మీద చేసిన పరీక్ష. స్క్రూకి ముందు ఓడ అడుగు ఎంత సన్నబడి ఉండాలన్నది ప్రశ్న. డ్వార్ఫ్ వెనక భాగం సన్నన. దాని మీద పలకలు పొరలు పొరలుగా వేసి పాత తెరచాప ఓడలా బొద్దుగా చేశారు. 9 నాట్లు పోయే ఓడ 3 నాట్ల చిల్లరకి పడిపోయింది. పొరలు తీసేస్తే మళ్లీ 9. ఇంజిన్ అదే, స్క్రూ అదే. బొద్దు వెనక భాగం ఉన్న పాత ఓడల్లో ఇంజిన్ పెట్టి స్క్రూ తగిలిస్తే చాలనుకున్నవాళ్లకి అది చెంపపెట్టు.

అందుకే మార్పిడి చేసిన ఓడల్ని అడ్డంగా కోయాల్సి వచ్చింది. విండ్సర్ క్యాజిల్ అనే మూడు డెక్కుల ఓడని 1852 జనవరిలో, ఇంకా కట్టుబడి మీద ఉండగానే, రెండు చోట్ల కోసి మొత్తం 30 అడుగులు పొడవు పెంచి ఇంజిన్ పెట్టారు. అదే డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా పేరు మారింది. ఓడ నీళ్లలోకి దిగిన 14 సెప్టెంబర్ 1852నే ఆ బిరుదున్న బ్రిటిష్ సేనాని చనిపోయాడు.

పాతనక్షలు:

చాలా థాంక్స్ అందరికీ. సాలినోమీటర్ లెక్క బ్రహ్మాండం. ఇంకొక్కటి. షాఫ్ట్ ఓడ బయటికి వచ్చే చోట బేరింగ్ ఏ లోహంతో చేసేవారు? నక్షలో ఆ గొట్టం లోపల సన్నటి పట్టీలు గీసి ఉన్నాయి, లోహంలా లేవు.

ఆవిరిగంట:

లోహం కాదు, కొయ్య! లిగ్నమ్ వైటే అనే చెట్టు చేవ. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, సహజంగా నూనె ఉన్న కొయ్య. మీరు చూసిన పట్టీలు అవే.

మొదట్లో కంచు బేరింగులే పెట్టారు. సముద్రపు నీటిలో, ఇసుకతో కలిసి, ఆ బరువు కింద అవి చూస్తుండగానే అరిగిపోయేవి. షాఫ్ట్ కిందికి దిగిపోయి, గొట్టం మొదట ఉన్న ప్యాకింగ్ నుంచి నీరు లోపలికి కొట్టేది. రాయల్ ఆల్బర్ట్ అనే 121 ఫిరంగుల ఓడకి 1855 చివర్లో అక్కడే చెడి, నీరు ఆపలేక గ్రీసు ద్వీపం ఒకదాని ఒడ్డుకి ఎక్కించాల్సి వచ్చింది. అంత పెద్ద ఓడ మునిగే దాకా వచ్చింది శత్రువు గుండు వల్ల కాదు, అరిగిన బేరింగ్ వల్ల.

జాన్ పెన్ దీని మీద పరీక్షలు చేసి 1854లో పేటెంట్ తీసుకున్నాడు. నీళ్లలో కంచు మీద కంచు చదరపు అంగుళానికి 200 పౌండ్ల దగ్గరే చెడింది, లిగ్నమ్ వైటే 4,000 పౌండ్ల దగ్గర కూడా తట్టుకుంది. కట్టే పద్ధతి ఇది: కంచు గొట్టం లోపలి గోడకి పొడవునా గాడులు తీస్తారు, గాడి లోపల వెడల్పు, నోటి దగ్గర ఇరుకు. కొయ్య పట్టీల్ని గొట్టం కొస నుంచి వాటిలోకి జారుస్తారు, ఊడి రావు. పట్టీకీ పట్టీకీ మధ్య వదిలిన సందులో సముద్రపు నీరు పారుతుంది. కందెన అదే, చల్లార్చేదీ అదే. ఇనుప షాఫ్ట్‌కి ఆ భాగంలో కంచు తొడుగు వేయాలి. కొయ్య మీద తిరిగేది కంచే, ఇనుము కాదు.

తొడుగు మానేస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఓడ అడుగంతా రాగి రేకు, స్క్రూ కంచు. వాటి మధ్య ఉప్పునీటిలో బోసి ఇనుము ఉంటే తినేసేది ఆ ఇనుమునే. అందుకే తొడుగు అతుకుల దగ్గర నీరు చొరకుండా చూడటం పెద్ద పని. లోపలికి చెమ్మ వెళ్తే పైకి ఏమీ తెలియదు, షాఫ్ట్ ఓ రోజు విరుగుతుంది.

తెడ్డుచుక్కాని:

బేరింగ్ బాగుపడ్డాక కూడా కొయ్య ఓడలో ఒకటి మిగిలిపోయింది. షాఫ్ట్ వరస.

కొయ్య ఓడ ఎంత గట్టిగా కట్టినా వేల ముక్కల కూర్పు. మధ్యభాగం లావు కాబట్టి నీరు దాన్ని ఎత్తుతుంది. కొసలు సన్నం, వాటికి నీటి ఆసరా తక్కువ, కానీ ఫిరంగులు కొసల దాకా ఉంటాయి. కొన్నాళ్లకి రెండు కొసలూ కిందికి జారి ఓడ వీపు విల్లులా వంగుతుంది. స్క్రూ కోసం వెనక భాగాన్ని ఇంకా సన్నం చేశారు, పైగా అక్కడే బావి కోసం పెద్ద బెజ్జం పెట్టారు, టన్నుల కంచు వేలాడదీశారు. జారకేం చేస్తుంది? బ్రిటిష్ నౌకాశిల్పి రాబర్ట్ సెప్పింగ్స్ ముందే ప్రవేశపెట్టిన ఏటవాలు బిగింపులు, వాటి మీద ఇనుప పట్టీలు వేసినా వంపు నెమ్మదించింది గానీ ఆగలేదు.

షాఫ్ట్ తిన్నని ఇనుప కడ్డీ. ఓడ వంగితే షాఫ్ట్ బేరింగులు ఒక గీతలో ఉండవు. కొసన అంగుళం జారినా మధ్య బేరింగ్ ఒకటి మొత్తం బరువు మోస్తుంది, పొగలు కక్కుతుంది. చూసే పద్ధతి: షాఫ్ట్ ముక్కల్ని కలిపే పళ్లాల బోల్టులు వదులు చేసి, పళ్లాల మధ్య సందుని పైనా కిందా కొలవాలి. కింద సందు ఎక్కువ ఉంటే ఒక వంపు, పైన ఎక్కువ ఉంటే ఇంకో వంపు. దాన్ని బట్టి బేరింగ్ కింద రేకులు పెట్టడమో తీయడమో. ఇది ఓడ నీళ్లలో తేలుతున్నప్పుడే చేయాలి, బొగ్గు మామూలు బరువుతో ఉండగా. డాక్‌లో దిమ్మల మీద కూర్చున్న ఓడ ఆకారం వేరు, తేలే ఓడ ఆకారం వేరు. డాక్‌లో సరిచేసి మురిసిపోతే నీళ్లలోకి దిగగానే మళ్లీ మొదటికి.

కొయ్య పొడవుకి హద్దు ఎక్కడో మెర్సీ, ఓర్లాండో అనే ఫ్రిగేట్లు (ఫిరంగుల డెక్కు ఒక్కటే ఉండే వేగమైన యుద్ధనౌకలు) చూపించాయి. 1858లో దిగిన ఆ రెండూ 300 అడుగులు. ఇంజిన్ 1,000 నామమాత్రపు హార్స్‌పవర్, వేగం 13 నాట్ల పైన. మంచి వేగమే, కానీ ఒళ్లు సళ్లిపోయి అతుకులు కారేవి. ఇంకా పొడవు, ఇంకా శక్తి కావాలంటే ఇనుము తప్ప దారి లేదు.

గాలివాటం:

టేకుతో కట్టినవి కూడా ఇంతేనా? బొంబాయి డాక్‌యార్డ్ ఓడలు వందేళ్లు నిలిచాయంటారుగా.

ఉప్పునీరు:

కుళ్లు విషయంలో టేకుదే పైచేయి, సందేహం లేదు. ఓక్ కొయ్యలో ఉండే ఆమ్లం ఇనుప బోల్టుల్ని తింటుంది, టేకులోని నూనె కాపాడుతుంది. బాయిలర్ గది పక్కన వేడీ తేమా కలిసి ఓక్‌ని త్వరగా కుళ్లబెట్టేవి. క్రిమియా యుద్ధం కోసం హడావుడిగా పచ్చి కొయ్యతో కట్టిన చిన్న గన్‌బోట్లు కొన్నేళ్లకే గుల్లబారాయి. బర్మాలోని మౌల్మీన్‌లో టేకుతో కట్టిన స్క్రూ నౌక మలక్కా, బొంబాయిలో కట్టిన చక్రాల ఫ్రిగేట్లు అస్సాయె, పంజాబ్ ఆ కాలానివే. పంజాబ్ నుంచి ఇంజిన్లు పీకేసి ది ట్వీడ్ అని పేరు మార్చి తెరచాపల సరుకు ఓడ చేస్తే దాని పరుగుకి పేరొచ్చింది. యంత్రం కంటే ఒళ్లే ఎక్కువ కాలం నిలిచింది.

కానీ టేకైనా ఓకైనా వంపు వంపే. అది కొయ్య జాతిని బట్టి రాదు, అతుకుల్ని బట్టి వస్తుంది. పేలే గుండు ముందూ రెండూ ఒకటే.

ఆవిరిగంట:

పాతనక్షలు గారూ, ఒక చిట్కా. డెన్మార్క్‌లోని ఎబెల్టోఫ్ట్‌లో యూలాండ్ అనే కొయ్య స్క్రూ ఫ్రిగేట్ ఇప్పటికీ ఉంది. 1860లో దిగింది, 1864 మే 9న హెలిగోలాండ్ దగ్గర పోరాడింది. దాని స్క్రూ కూడా పైకి లాగే రకమే. బ్రిటిష్ నక్షతో అంగుళం అంగుళం కలవదు గానీ, దూలాలు, బావి ఎలా కూర్చున్నాయో ఫోటోల్లో చూసుకోవచ్చు.

మోడల్‌లో తెరచాపలు విప్పి చూపిస్తే పొగగొట్టం దించేయండి, స్క్రూని బావిలోకి ఎత్తేయండి. పొగగొట్టం నిలబెట్టి చూపిస్తే స్క్రూ కిందే ఉండాలి. పొగగొట్టం దించి, స్క్రూ మాత్రం కింద వదిలేస్తే రెక్కలు నిట్టనిలువుగా, లోపలి దూలం వెనక దాక్కునేలా పెట్టండి. ఎత్తే తీరిక లేనప్పుడు బ్రేకు వేసి అలాగే వదిలేసేవారు. అడ్డంగా పెడితే మాత్రం తెలిసినవాళ్లు ఫోటో చూడగానే పట్టేస్తారు.

పాతనక్షలు:

అడ్డంగానే అతికించాను. జిగురు ఇంకా ఆరలేదు, తిప్పేస్తున్నాను.